గిది ఎవ్వల మాట?

ముంబైలో మరాఠా మందిర్ సినిమా హాలు దాటి, బెలాసిస్ రోడ్డు మీద నాగ్‌పాడా వైపు నడుస్తూ కుడిచేతి సందులోకి తిరగండి. ఎండ ఒక్కసారిగా తగ్గిపోతుంది. రెండు పక్కలా చాళ్లు, వాటి పై అంతస్తుల చెక్క వరండాల నుంచి వేలాడుతున్న తడి చీరలు. కింద ఒక కొట్టులో సంచులకు జిప్పులు కుడుతున్న మిషన్ల చప్పుడు. పక్కన తుక్కు ఇనుము తూకం వేస్తున్న గొలుసుల మోత. ఎక్కడో కుక్కరు కూత. చేతిబండి లాగుతున్న మనిషి "బాజూ, బాజూ" అంటూ మీ మోచేతిని రాసుకుంటూ పోయాడు. మీరు గోడకు అతుక్కుని నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే తల మీదుగా ఒక ఆడగొంతు: "ఓ పోరగా, నీళ్లొచ్చినయ్ రా! బిందెలు తేపో!"

మీరు వచ్చింది అలాంటి గొంతు కోసమే.

చంకలో నాటకం ప్రతి ఉంది. మీ వేషం 1982 సమ్మెలో పని పోగొట్టుకున్న మిల్లు కార్మికుడిది. పద్మశాలి. సిరిసిల్ల దిక్కు పల్లె నుంచి వచ్చి కామాఠీపురాలో కాపురం పెట్టినవాడు. మీది గుడివాడ. మీ నోటికి కృష్ణా కాలువ నీళ్ల తీరు పట్టుబడి ఉంది. దర్శకుడు మొదటి రిహార్సల్లోనే తేల్చి చెప్పాడు, మాట కుదరకపోతే వేషం వేరేవాళ్లకు పోతుందని. తెలిసినవాళ్ల ద్వారా ఈ చాల్‌లో ఒక ముసలమ్మ ఉందని, మాట నేర్పుతుందని విని వచ్చారు.

కామాఠీపురా అనగానే దేశమంతా పడుపు వ్యాపారాన్నే తలుచుకుంటుంది. ఆ వ్యాపారం ఉన్నది కొన్ని గల్లీల్లోనే, అక్కడా తగ్గిపోతూ వస్తోంది. మిగతావన్నీ కాపురాలు, కార్ఖానాలు, గుళ్లు, మసీదులు. 2022లో వచ్చిన 'గంగూబాయి కాఠియావాడీ' సినిమాకు ఈ గల్లీలను గోరేగావ్ ఫిల్మ్ సిటీలో సెట్టుగా వేశారు. ఆ సినిమా చూసినవాళ్లలో ఎంతమందికి ఈ పేటకు పేరిచ్చింది తెలుగువాళ్లని తెలుసు? 18వ శతాబ్దం చివర, దీవుల మధ్య ఉప్పునీటి పల్లాలు పూడ్చి బొంబాయిని ఒక్క నేలగా చేస్తున్న రోజుల్లో, నిజాం రాజ్యం నుంచి రాయి కొట్టడానికీ మట్టి మోయడానికీ వచ్చిన కూలీలను కామాఠీలు అన్నారు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగింది. బురద ఎండిన నేల మీద వాళ్లు గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల చోటే ఇప్పుడు మీరు నిలబడ్డారు.

మెట్లు నిలువుగా, చీకటిగా ఉన్నాయి. పట్టుకోవడానికి కొయ్య కమ్మీ బదులు తాడు. రెండో మాలా మీద, వరండా చివర, తలుపు తీసే ఉన్న ఖోలీ. గడపలో చెప్పులు విడిచి వంగి లోపలికి చూస్తారు. ఒకటే గది. మూలన మోరీ, దాని పక్కనే గ్యాసు పొయ్యి. పైన అటక మీద ఎవరో దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతున్నారు. కిందగా, గోడకు వీపు ఆనించి, ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంది అవ్వ. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఇంకో పక్క తంబాకు పొడి. ఆమె వేళ్లు ఆకును చుట్టి, మొన మడిచి, దారం కట్టి పక్కన పడేస్తున్నాయి. కళ్లు మాత్రం మీ మీదే ఉన్నాయి.

"నమస్కారమండీ, అమ్మమ్మగారూ."

"గార్లు గిట్ల గడప అవుతలనే ఇడిశి రా బిడ్డా. అవ్వా అను. కూసో."

మీరు కూర్చుని ప్రతి తెరుస్తారు. ఏదైనా ఒక మాట చదువుమంటుంది. గేటు ముందు కార్మికుడు మాట్లాడే ఘట్టం తీసి, గొంతు సవరించుకుని చదువుతారు: "గా మిల్లుల గిరవై ఏండ్లు గిట్ల గొడ్డు చాకిరీ చేసినాను గదా, గిప్పుడు గీ గేటు గిట్ల మూసేసినారు గదా!"

అవ్వ వేళ్లు ఆగాయి.

"గిది ఎవ్వల మాట బిడ్డా?"

"తెలంగాణ యాస అవ్వా."

"తెలంగాణల ఎవ్వల మాట? ఏ ఊరోళ్లది? ఆడిదా, మొగోనిదా? ముసలోళ్లదా, పడుసోళ్లదా? నువ్వు సదివింది ఎవ్వలూ మాట్లాడరు."

అటక మీద దుప్పటి కదిలింది. ముసుగు తీసి ఒక అమ్మాయి కిందికి చూసింది. అవ్వ మనవరాలు. మలాడ్‌లో కాల్ సెంటర్ ఉద్యోగం, తెల్లవారుజామున వచ్చి పడుకుంది. నిచ్చెన దిగుతూ అంది: "నాయినమ్మ నిజమే చెప్తుంది అన్నా. నువ్వు టీవీల యాస మాట్లాడుతున్నవ్."

ఆ మాట గుచ్చుకుంటుంది, ఎందుకంటే అది సరైన మాట. తెలుగు సినిమా దశాబ్దాల పాటు తెలంగాణ మాటను రౌడీకీ, పనివాడికీ, నవ్వించేవాడికీ ఇచ్చింది. కథానాయకుడికి మాత్రం కృష్ణా గుంటూరు తీరం దిద్దుకున్న పత్రికల భాష ఇచ్చింది. 1979లో 'మా భూమి', 1988లో 'దాసి' ఆ దారి తప్పించి మనుషుల గొంతులు వినిపించాయి. 'ఫిదా' వచ్చిన 2017 నాటికి గానీ పెద్ద సినిమాలో కథానాయిక బాన్సువాడ పిల్లగా గర్వంగా మాట్లాడటం జనం చూడలేదు. ఆ మాట పలికిన సాయిపల్లవిది తమిళనాడు నీలగిరి కొండల్లోని కోటగిరి. ఆమె తన గొంతే ఇచ్చింది, అరువు గొంతు పెట్టుకోలేదు. 2023 'బలగం' చావు ఇంటి చుట్టూ తిరిగి ఊరూరినీ ఏడిపించింది. ఇంత జరిగినా, మీ చేతిలోని నాటకం రాసిన మనిషి చెవిలో ఇంకా పాత హాస్యగాడే ఉన్నాడు. ప్రతి మాట ముందూ 'గ' తగిలిస్తే పని అయిపోయిందనుకున్నాడు.

మనవరాలు మొహం కడుక్కుని, చాయ్ గ్లాసులు మీ ముందు పెట్టి, ఫోను తీసింది. రికార్డు మీట నొక్కి అవ్వ పక్కన నేల మీద పెట్టింది. ఈ పని ఎలా చెయ్యాలో ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆమెకూ చేశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాట మార్చే శిక్షణ. పెదవుల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని ఇంగ్లిషు మాట మొదట్లో వచ్చే 'ప' పలకాలి. కాగితం ఎగరాలి. మన 'ప' పలికితే కదలదు. పై పళ్లు కింది పెదవికి ఆనించి ఒక శబ్దం, పెదవులు గుండ్రంగా చుట్టి ఇంకో శబ్దం. మనకు రెండూ 'వ'యే. ఇంగ్లిషు మాట హల్లుతో ఆగిపోతే, మన నోరు దాని చివర ఒక చిన్న 'ఉ' తగిలిస్తుంది. దాన్ని మింగడం అన్నిటికంటే కష్టమైందట. రబ్బరు బ్యాండు రెండు చేతుల మధ్య పట్టుకుని, మాటలో ఒత్తు పడే చోట సాగదీయాలి, మిగతా చోట్ల వదలాలి. మన భాషలో అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో నడుస్తాయి. ఇంగ్లిషు ఒకదాన్ని పైకెత్తి నాలుగింటిని నలిపేస్తుంది.

"శబ్దాలు నేర్పిండ్రు, అది మంచిగనే ఉండె అన్నా," అంటుంది. "గని నా మాట తప్పు అని మొదలుపెట్టిండ్రు. మూడు నెలలు ఇంట్ల కూడ నోరు తెరవబుద్ధి కాలె."

ఎక్కడుంటావని అక్కడ ఎవరైనా అడిగితే ముంబై సెంట్రల్ అని చెప్పేదట. ఈ గల్లీల పిల్లలు చాలామంది అలాగే చెబుతారు, కొందరు నాగ్‌పాడా అంటారు. చిరునామా దాచుకోవడం నేర్చుకున్న పిల్లకు, మాటను కూడా దాచుకోమని జీతమిచ్చి నేర్పించారు. మీకు నేర్పేటప్పుడు ఆమె ఒక్కసారి కూడా తప్పు అనదు. "ఇది నీ మాట. అది నాయినమ్మ మాట. రెంటికీ నడుమ ఏముందో చూద్దాం" అంటుంది. మాట నేర్పేవాళ్లంతా మొదట నేర్చుకోవలసిన వాక్యం అదేనని మీకు అనిపిస్తుంది, నాకూ అంతే.

పని మొదలైంది.

ముందు క్రియలు. "వాడు వచ్చాడు" అనండి. ఆ 'చా' పలుకుతున్నప్పుడు మీ దవడ ఎలా దిగిందో, శబ్దం ఎలా పక్కలకు సాగిందో చూసుకోండి. రాతలో అది 'ఆ'యే కానీ తీరం నోట్లో అది 'ఆ'కూ 'ఏ'కూ నడిమి అచ్చు. కోస్తా భూతకాలమంతా ఆ అచ్చు మీదే నడుస్తుంది. ఇప్పుడు అవ్వ: "ఒచ్చిండు." దవడ కదలదు. మొదటి 'వ' కరిగి 'ఒ' అయింది, నాలుక కొస పైకి తాకి 'ండు' దగ్గర ఆగింది. అంతే. మీరు "వొచ్చిండూ" అన్నారు. అవ్వ తల అడ్డంగా ఊపింది. ఫోనులో ఆమె గొంతు, తర్వాత మీ గొంతు. మనవరాలు రెండూ పక్కపక్కన వినిపించింది. తేడా ఎక్కడుందో చెవికి అందింది. మీ మాట చివర తోక ఉంది.

తోక అన్నిటికీ ఉంది. "చేశానండీ", "ఏవండీ", "వెళ్దామా అండీ". మీరు పుట్టి పెరిగిన చోట వాక్యం చివర కాస్త సాగదీసి అవతలి మనిషికి అందిస్తారు. అవ్వ వాక్యం చివర తెగుతుంది. "చేసిన." "పోయిన." "తిన్న." నేను అని వేరే చెప్పనక్కరలేదు, ఆ 'న'లోనే తనుంది. ఆ 'న' పొట్టిది. దాన్ని సాగదీస్తే పాట అవుతుంది, మింగితే హుకుం అవుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న కొలత కోసం మీరు మధ్యాహ్నమంతా "తిన్న, పోయిన, చేసిన" అంటూ కూర్చుంటారు. కింద మిషన్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. వరండాలో పోతున్న పిల్లలు తలుపులోంచి తొంగి చూసి, "తిన్న, పోయిన" అని మీతోపాటు అరిచి పరుగెత్తుతారు. వాళ్లకు మొదటిసారే వచ్చింది.

"ఇగ నన్ను నువ్వు అను," అంటుంది అవ్వ.

మీకు నోరు రాదు. తెల్లజుట్టు మనిషిని నువ్వు అనడం మీ ఇంట్లో లేదు. "మీరు తిన్నారా" అని నాలుక దానంతటదే కదులుతుంది. అవ్వ ఊర్లో కన్నతల్లినీ తండ్రినీ నువ్వు అనే అంటారు. గౌరవం క్రియ చివర్లో ఉండదు. వరసలో ఉంటుంది, గొంతు దించడంలో ఉంటుంది, కూర్చున్న తీరులో ఉంటుంది. "అవ్వా, బువ్వ తిన్నవా?" మొదట్లో మీరు అన్నప్పుడు అది గద్దించినట్టుగా వచ్చింది. 'తిన్నవా'లో చివరి 'వా'ను మీరు పైకి విసిరారు. అవ్వ దాన్ని కిందికి దించుతుంది, 'అవ్వా' దగ్గరే ప్రేమంతా పెట్టేసి మిగతాది తేలిగ్గా వదిలేస్తుంది. అది పట్టుబడిన క్షణం మీకు తెలుస్తుంది. అవ్వ జవాబు చెబుతుంది కాబట్టి. "ఎప్పుడో తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా?" పాఠం అనుకోలేదు ఆమె, నిజంగానే అడిగారనుకుంది.

'గ' సంగతి. అవ్వ మాట గంటలకొద్దీ రికార్డయింది. వింటూ మీరు ప్రతిలో గీతలు పెట్టుకుంటున్నారు. 'గ' ఊరికే రాలేదు. ఒకదాన్ని వేలెత్తి చూపిస్తున్నట్టు నొక్కి చెప్పేటప్పుడే వచ్చింది. "గా బిల్డింగు" అన్నప్పుడు గడ్డం కిటికీ వైపు తిరిగింది. "గప్పుడు" అన్నప్పుడు ఒక కాలాన్ని తీసి ముందు పెట్టింది. చెయ్యి ఎత్తని చోట మామూలు 'ఇది', 'అది', 'అప్పుడు'. మీ ప్రతిలోని 'గ'లలో ముప్పాతిక వంతు కొట్టివేతకు గురయ్యాయి. రాసినాయన ఒప్పుకోవాలి మరి.

తడబాటు ఇంకో పాఠం. మనిషి మాట తోచక ఆగినప్పుడు నోట్లోంచి ఏం వస్తుందో, అక్కడ ఆ మాట వేరు దొరుకుతుందని నటులకు యాస నేర్పేవాళ్లు చెబుతారు. పెదవులూ నాలుకా ఏ స్థితిలో విశ్రాంతి తీసుకుంటాయో ఆ శబ్దంలో బయటపడుతుంది. మీరు ఆగినప్పుడు "అంటే... అదేనండీ" అంటారు. అవ్వ ఆగితే "గదేంది... మల్లా..." అని, నాలుకను పంటి వెనక ఆనించి కూర్చుంటుంది. మనవరాలు ఆగితే "మత్లబ్". ఒకే ఖోలీలో రెండు తరాల నోళ్లు రెండు చోట్ల ఆగుతున్నాయి.

లెక్క కూడా వినండి. అవ్వ బీడీలు ఇరవై అయిదు చొప్పున కట్ట కడుతుంది. ఆ లెక్క పెదవులు కదలకుండా తెలుగులో సాగుతుంది. పైసల లెక్కకు వచ్చేసరికి హిందీలోకి దిగుతుంది. సేటుతో బేరం ఆ భాషలోనే కదా. మీ పాత్ర కూలీ లెక్క చెప్పే సన్నివేశం ఒకటుంది. ప్రతిలో అదంతా తెలుగే ఉంది. మీరు పక్కన గుర్తు పెట్టుకున్నారు.

సాయంత్రం వెలుగు వరండాలోకి వచ్చాక అవ్వ పెనిమిటి సంగతి ఎత్తింది. ఆయన పోయి చాలా కాలమైంది. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చున్న మనిషి, ఇక్కడికి వచ్చి సాంచా ఖాతాలో పడ్డాడు. సాంచా అంటే మిల్లు మగ్గం. మొదట బద్లీ, ఎవరైనా రాని రోజు గేటు దగ్గర నిలబడితే పని. తర్వాత పక్కా నౌకరి. పాళీ, అంటే షిఫ్టు, మారినప్పుడల్లా ఇంట్లో వంట వేళ మారేది. బొంబాయిలో మొదటి నూలు మిల్లు 1854లో తార్దేవ్‌లో స్థాపితమైంది, ఇక్కడినుంచి నడిచిపోయే దూరం. ఊళ్లో మగ్గం బతుకు బక్కచిక్కిన కొద్దీ తెలుగు పద్మశాలీలు బొంబాయికీ, భివండీకీ, షోలాపూర్‌కూ చేరారు. ఒక భాగం కామాఠీపురాలో, ఒక భాగం వర్లీ బీడీడీ చాళ్లలో, లోయర్ పరేల్‌లో.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షల మంది కార్మికులు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. చాలామందికి గేటు మళ్లీ తెరుచుకోలేదు. అవ్వ ఈ భాగం చెబుతున్నప్పుడు గొంతు పెరగలేదు, తగ్గలేదు. బీడీలు చుట్టడం మాత్రం ఎక్కువైంది. అప్పుడు కూడా ఇల్లు నడిపింది ఈ చాటే.

మీ పాత్ర గేటు దగ్గర మరాఠీలో మాట్లాడాలి. దానికీ పాఠం ఉంది, ఇది మనవరాలిది. ఆమె బడిలో మరాఠీ చదివింది. తెలుగు నోటికి మరాఠీలో కొన్ని సుళువులున్నాయి. 'చాళ్'లో, 'పాళీ'లో ఉన్న 'ళ' హిందీవాళ్లకు పలకదు. మనకు పుట్టుకతో ఉంది. 'చాంగ్లా' అన్నప్పుడు మరాఠీవాళ్లు పలికే దంత్యమైన 'చ' మన 'చలి'లో, 'చాప'లో ఉన్నదే. కష్టం ఒత్తుల దగ్గర. పల్లె నుంచి వచ్చినవాళ్ల నోట 'ఘర్' 'గర్' అవుతుంది, 'భావూ' 'బావూ' అవుతుంది. ఇక వస్తువులకు ఆడా మగా తేడా ఉండటం మనకు అలవాటు లేదు, కుర్చీ ఆడదో మగదో తడుముకోవాలి. కాబట్టి మీ కార్మికుడు 'ళ'ను మరాఠీవాడిలా పలుకుతాడు, ఒత్తు మింగుతాడు, లింగం తప్పుతాడు, ఎక్కడా ఆగడు. రెండు వందల ఏళ్లుగా ఈ గల్లీ జనం పని కోసం నోరు మార్చుకుంటూనే ఉన్నారు. 1873లో సంఘ సంస్కర్త ఫూలే పుణెలో సత్యశోధక సమాజం పెట్టాక బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి తెలుగువాళ్లున్నారు. ఆ సభల్లో వాళ్ల మరాఠీ ఎలా పలికి ఉంటుందో ఊహించుకుంటూ మీరు మీ వాక్యాలు దిద్దుకుంటారు.

ఈ నగరానికి మాట నేర్పే కథ కొత్త కాదు. బెర్నార్డ్ షా 'పిగ్మాలియన్' నాటకం 1913లో వియన్నాలో తొలిసారి ఆడింది. పు.ల. దేశ్‌పాండే దాన్ని మరాఠీలో 'తీ ఫులరాణీ'గా రాస్తే, 1975లో భక్తి బర్వే పూలమ్మే పిల్లగా వేసి మరాఠీ ప్రేక్షకుల మనసు దోచుకుంది. ఆ కథలో పండితుడు కుర్చీలో కూర్చుంటాడు, వీధిపిల్ల దిద్దుకుంటుంది. ఇక్కడ వీధిది పాఠం. బీడీలు చుట్టే మనిషి చెబుతోంది, చదువుకున్న మీరు దిద్దుకుంటున్నారు. ఇలా జరగడం ఎంత అరుదో ఆలోచిస్తే కోపం వస్తుంది.

తర్వాతి రోజుల్లో మీ రాకకు చాల్ అలవాటు పడింది. వరండా నుంచి కిందికి కేక వేయడం నేర్చుకున్నారు. పేరు మొదటి అక్షరం మీద బరువంతా పెట్టి, మిగతాది జారవిడవాలి, లేకపోతే మిషన్ల చప్పుడులో కలిసిపోతుంది. అవ్వ ఇప్పుడు మిమ్మల్ని ఆపడం తగ్గించింది. ఒకనాడు మీరు గేటు ఘట్టం మొత్తం కళ్లు మూసుకుని చెప్పారు. అవ్వ విని, దారం పంటితో తెంపి, "ఇగ కిందికి పో," అంది. "ఓటా మీద ముసలాయన కూసుంటడు. ఆయనతోని మాట్లాడి రా."

దిగారు. గల్లీ వైపు అరుగు మీద, మోకాళ్ల దాకా మడిచిన ధోతీతో ఒక ముసలాయన. పక్కన కూర్చుని పలకరించారు. నీళ్లు రాలేదన్నారు, ఎండలు ముదిరినయన్నారు. ఆయన తలూపాడు, ఓ చెవి మీ వైపు తిప్పి విన్నాడు.

"ఏ ఊరు తమ్మీ మీది?"

"సిరిసిల్ల కాడ."

"సిరిసిల్ల కాడ ఏ ఊరు? ఎవ్వలింటోళ్లు?"

ఆయన నమ్మాడు. మీకేమో చెప్పడానికి ఊరూ లేదు, ఇంటిపేరూ లేదు. మాట ఇచ్చిన అవ్వ ఊరు ఇవ్వలేదు. అబద్ధం ఆడాలా అని మీరు తడుముకుంటుండగా పైనుంచి ఆమె గొంతే: "ఆయన నాటకం ఆడెటోడు తాతా! నా తాన మాట నేర్చుకుంటుండు! మిల్లుల పనిచేసినోని వేషమట!"

ముసలాయన మీ మొహం పరీక్షగా చూశాడు. కోపం లేదు.

"మంచిగ మాట్లాడుతున్నవ్. గని ఆడిమనిషి లెక్క మాట్లాడుతున్నవ్ తమ్మీ. ఇంట్ల కూసుండి ముచ్చట పెట్టే మాట నీది. సాంచా ఖాతాల ఇట్ల మాట్లాడితె ఎవనికి ఇనబడతది?"

మొదటి రోజు అవ్వ అడిగిన ప్రశ్నలో ఇది కూడా ఉంది, ఆడిదా మొగోనిదా అని. ఇన్నాళ్లూ మీరు ఆమె మాటనే అచ్చంగా దించుకున్నారు. చెడ్డపని కాదు, అయితే ఆ కార్మికుడు ఆమె కాదు. పైన వరండా కమ్మీ మీద వంగి అవ్వ అంటోంది: "నా నోట్ల ఆయన మాట యాడికెళ్లి ఒస్తది? నేనెన్నడన్న మిల్లులకు పోయిన్నా?"

ముసలాయన చెప్పడం మొదలుపెట్టాడు. వందల సాంచాలు ఒక్కసారి ఆడే కప్పు కింద మాట చెవికి చేరదు. అవతలి మనిషి మీ పెదవులు చూస్తాడు. అందుకే మాటలు పొట్టిగా, నోరు పెద్దగా తెరిచి, ముఖం ఎదురుగా పెట్టి. దారం తెగిందంటే ఒక వేలు, పనివాళ్ల మీద పెత్తనం చేసే జాబర్ వస్తున్నాడంటే ఇంకో సైగ. మన మిల్లులకు యంత్రాలు పంపిన లాంకషైర్‌లో కూడా మగ్గాల దగ్గర కార్మికులు పెదవులతోనే మాట్లాడుకునేవారు, అక్కడ దానికి 'మీ-మా' అన్న పేరే ఉంది. ఇక్కడ దానికి ఎవరూ పేరు పెట్టలేదు. పాళీ దిగి ఇంటికొచ్చాక కూడా మిల్లు మనుషులు గట్టిగానే మాట్లాడేవాళ్లు. ఇంట్లోవాళ్లు అది కోపమనుకునేవాళ్లు. ఆయన ఎడమ చెవి సాంచాల దగ్గరే పోయింది.

"లే. గా అవుతలి దిక్కు పో. ఆ తుక్కు దుకాణం కాడ నిలబడి నీ మాట చెప్పు. ఒర్రొద్దు. ఒర్రితె గొంతు పోతది, మాట రాదు. నోరు తెరిచి, మొదలు నొక్కి చెప్పు. చేతులు ఊకె ఉంచకు."

గొలుసు తూకం మోగుతోంది. సంచుల మిషన్లు ఆడుతున్నాయి. చేతిబండి ఒకటి దాటేదాకా ఆగి మీరు గల్లీ అవతలికి వెళ్లి, ఆయనకు ఎదురుగా తిరిగి, నోరు పూర్తిగా తెరిచి మొదటి వాక్యం చెప్పారు. ఆయన కుడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకోలేదు. మీ పెదవుల వంకే చూస్తున్నాడు.

"సగం అందింది," అన్నాడు. "మల్ల చెప్పు. ఈసారి ఆ కాయిదం కింద పెట్టు."